ప్లాస్టిక్ సర్జరీ తీసుకుంటే మనకు కేసులు మిగులుతాయా?

తమ్ముడూ, ఎమ్మెస్ (సర్జరీ పీజీ) అయ్యాక ఎంసీహెచ్ ప్లాస్టిక్, అంటే ప్లాస్టిక్ సర్జరీలో సూపర్ స్పెషాలిటీ, చేయాలని ఉంది, కానీ ముక్కు ఈఎన్‌టీ వాళ్లు, జుట్టు స్కిన్ డాక్టర్లు, దవడ డెంటల్ వాళ్లు, చెయ్యి ఆర్థో వాళ్లు తీసుకుంటే మనకేం మిగులుతుందని అడిగావు. కర్నూలులో పన్నెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, చూసింది చెప్తాను.

పోటీ ఉన్న మాట నిజమే. జుట్టు గురించి గొడవపడి లాభం లేదు. జుట్టు నాటే సర్జరీపై నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే మనతోపాటు సర్జరీ శిక్షణ ఉన్న స్కిన్ డాక్టర్లకూ చోటుంది. దవడ విరిగితే మ్యాక్సిలోఫేషియల్ వాళ్ల (దవడ, ముఖం సర్జరీ చేసే డెంటల్ డాక్టర్ల) దగ్గరికి నేనే పంపిస్తుంటాను.

నాకు బాధంతా చెయ్యి దగ్గరే. పోయినేడు బేతంచెర్ల నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. బండలు కోసే మిషన్‌లో అరచెయ్యి తెగింది. మొదట చూసినచోట కుట్లు చక్కగానే వేశారు, కాకపోతే చర్మానికి మాత్రమే. నెలన్నర తర్వాత నా ముందు కూర్చుని పిడికిలి బిగిస్తే చూపుడువేలు ముడుచుకుంది, పక్క రెండూ చాచినట్టే ఉండిపోయాయి. వేలిని కదిలించే తాడులాంటి టెండన్‌నూ, స్పర్శ తెలిపే నెర్వ్‌నూ కూడా మనవాళ్లు నరమే అంటారు కదా, "నరానికేం కాలేదన్నారు సార్" అని వాళ్లమ్మ అంటూనే ఉంది. తెగింది టెండన్లు. మొదటి వారంలో వచ్చుంటే తెగిన కొసలు రెండూ కలిపి కుట్టేవాణ్ని. అప్పటికే పై కొస ముంజేతివైపు లాక్కుపోయింది, అది తిరిగే దారి పూడిపోయింది. ఆ దారి మళ్లీ ఏర్పడటానికి సిలికాన్ రాడ్ పెట్టి, మూడు నెలలు ఆగి, వేరేచోటి టెండన్ తెచ్చి వేశాను. కూలికి పోయే పిల్లాడు, ఏడాదిలో సగం ఇంట్లోనే ఉన్నాడు.

అదే చెయ్యి ఆర్థో డాక్టరు చేసుంటే నాకు సంతోషమే. హ్యాండ్ సర్జరీ నేర్చుకున్న ఆర్థో వాళ్లు బాగా చేస్తారు. కానీ ఆ రోజు ఏ వేలూ ముడిపించి చూడలేదు, ఎవరికీ ఫోన్ చేయలేదు.

ఇక కేసుల సంగతి. నాకొచ్చే వాటిలో సగానికి పైగా ఆర్థో వాళ్ల ఫోన్‌తోనే వస్తాయి. హైవే మీద బండి పడి కాలి ఎముక బయటపడితే వాళ్లు ఫిక్సేటర్ (ఎముకను బయటినుంచి కదలకుండా పట్టి ఉంచే కడ్డీల చట్రం) వేస్తారు, పిక్క కండ తిప్పి ఎముకను కప్పేది మనం. కాలిన గాయాలు, షుగర్ పుండ్లు సరేసరి. వాటికి పెద్దగా పోటీ ఉండదు.

నువ్వు ఇప్పటినుంచే ఒక పని చెయ్యి. క్యాజువాలిటీలో తెగిన చెయ్యి ఏదొచ్చినా, మత్తు సూది వేయకముందే ఒక్కో వేలి కొసన స్పర్శ చూడు, ఒక్కో కీలూ విడిగా ముడిపించు, కేస్ షీట్‌లో రాయి. సెలవుల్లో కర్నూలు వస్తే చెప్పు, ఓటీలో నా పక్కన నిలబడి చూద్దువు.