మోకాలి ఆపరేషన్ తర్వాత నొప్పికి మత్తుమందు పంపు పెట్టించాలా?

పెట్టించండి. మీ నాన్నగారికి మోకాలి మార్పిడి చేస్తున్నారని, ఆ తర్వాత నొప్పికి మత్తుమందు పంపు పెడతామని, దానికి డబ్బు వేరే కట్టాలని ఆసుపత్రిలో చెప్పారని రాశారు. అది దండగ ఖర్చు కాదు. కాకపోతే, పంపు పెట్టారు కదా, ఇక అంతా వాళ్లే చూసుకుంటారని మీరు వెళ్లి క్యాంటీన్‌లో కూర్చుంటే మాత్రం దండగే.

మా అమ్మకు ఈ ఆపరేషన్ తిరుపతిలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జరిగింది. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఏటా ఎక్కిన మనిషి. మోకాళ్ల పర్వతం దగ్గర జనం నాలుగు మెట్లు మోకాళ్ల మీద ఎక్కి మొక్కు తీరిందనిపించుకుంటారు. ఈవిడ ఆ వరస మొత్తం అలాగే ఎక్కేది. దానికీ అరుగుదలకూ సంబంధం లేదని, వయసు వల్లే అరిగాయని డాక్టరు చెప్పారు గానీ మా బంధువుల్లో ఒక్కరూ నమ్మలేదు. అమ్మకు షుగర్ ఉంది, కిడ్నీల పనితీరు కూడా అంతంత మాత్రమే. మామూలుగా ఇచ్చే నొప్పి మాత్రల్లో చాలావాటిని ఆమెకు ఇవ్వకూడదు. గతంలో గర్భసంచి తీసినప్పుడు నొప్పికి ట్రమడాల్ ఇంజెక్షన్ చేస్తే తెల్లవార్లూ వాంతులు. పచ్చి కుట్లతో వాంతి చేసుకోవడం ఎంత నరకమో పక్కన బేసిన్ పట్టుకుని నిలబడ్డవాళ్లకు తెలుస్తుంది. అందుకే మత్తు డాక్టరు పంపు మాట ఎత్తగానే, ఎంతవుతుందని కూడా అడగకుండా సరేనన్నాను.

చూడటానికి ఆ వస్తువు దీనికా ఇంత బిల్లు అనిపించేలా ఉంటుంది. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ లేదు, నొక్కడానికి మీట లేదు. ప్లాస్టిక్ డబ్బాలో మందు నింపిన రబ్బరు బుడగ. అది ముడుచుకుంటూ మందును తోస్తుంది, గంటకు ఎంత పోవాలన్నది గొట్టంలోని సన్నటి ఇరుకు కట్టడి చేస్తుంది. అమ్మకు 0.2 శాతం రోపివకైన్ (స్పృహ పోకుండా ఆ భాగాన్ని మాత్రమే తిమ్మిరెక్కించే మందు), గంటకు 5 మి.లీ. చొప్పున పెట్టారు. దారమంత గొట్టం కొసను అల్ట్రాసౌండ్‌లో చూసుకుంటూ తొడ లోపలి వైపు, మోకాలికి స్పర్శనిచ్చే నరం పక్కన ఉంచారు. గంటకు 5 మి.లీ. అంటే బుడగ తగ్గుతున్నట్టు కంటికి ఆనదు. మా పెద్దమ్మ వచ్చిన ప్రతిసారీ దాన్ని ఎత్తి చూసి, ‘ఇది నడవడం లేదే, మోసం చేశారు’ అనేది.

బంధువుల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. తిరుపతిలో ఆపరేషన్ చేయించుకుంటే ఉండే కష్టం వేరే ఊళ్లవాళ్లకు అర్థం కాదు. దర్శనానికి వచ్చిన ప్రతి కుటుంబమూ పనిలో పనిగా రోగిని పలకరించి పోతుంది. గుండు మీద గంధం ఆరకముందే మంచం చుట్టూ నలుగురు. షుగర్ మనిషి చేతిలో లడ్డూ పెట్టి, ‘ప్రసాదం వద్దనకూడదు’ అని దబాయింపు. పైగా ప్రతివారిదీ ఒకటే సిద్ధాంతం: నొప్పిని ఓర్చుకుంటేనే గాయం త్వరగా మానుతుందట. నేనైతే తిరగేసి చెబుతాను. నొప్పితో కాలు కదపని మనిషి మోకాలు వంచదు, వంచకపోతే కీలు బిగుసుకుపోతుంది. అప్పుడు లక్షలు పోసి వేయించుకున్న కొత్త కీలు దేనికి?

ఇక ఆపరేషన్ మరునాటి రాత్రి సంగతి. అప్పటిదాకా హాయిగా ఉన్న అమ్మ రెండు దాటాక మూలగడం మొదలుపెట్టింది. కాసేపటికి మంచం అంచు కడ్డీని పట్టుకుని పళ్లు కొరుక్కుంటోంది. నర్సును పిలిస్తే, ‘పంపు ఉంది కదమ్మా, నొప్పి ఉండదు’ అంది. ఉండదట! ఎదురుగా మనిషి కళ్లలో నీళ్లు కారుతుంటే చార్టులో ఉన్నదే నిజమా? ఫోను లైటు వేసి గొట్టం వెంబడి వేలు పెట్టి చూసుకుంటూ వెళ్లాను. తొడ దగ్గర, గౌను మడత కింద తెల్లటి చిన్న క్లిప్పు గొట్టాన్ని గట్టిగా నొక్కి పట్టుకుని ఉంది. సాయంత్రం గౌను మార్చినప్పుడు ఎవరో దాన్ని మూసి, మళ్లీ తెరవలేదు. ఎన్ని గంటలుగా మందు వెళ్లలేదో! నేను దాన్ని ముట్టుకోలేదు, నర్సు చేయి పట్టుకుని తెచ్చి చూపించాను. అప్పుడు గానీ ఆవిడ ముఖం మారలేదు.

క్లిప్పు తీయగానే నొప్పి పోదు. గంటకు 5 మి.లీ.తో మళ్లీ తిమ్మిరి పట్టేసరికి తెల్లారిపోతుంది. డ్యూటీలో ఉన్న మత్తు డాక్టరు నిద్ర కళ్లతోనే వచ్చి, స్పిరిట్ దూదిని ముందు బాగున్న కాలి మీద, తర్వాత ఆపరేషన్ కాలి మీద అద్ది, ‘రెండుచోట్లా ఒకే చల్లదనం తెలుస్తోందా అమ్మా?’ అని అడిగారు. తెలుస్తోందంది. అంటే మందు దిగిపోయినట్టే. గొట్టానికి సిరంజి తగిలించి, ముందు వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసుకుని, కొంచెం కొంచెంగా మందు ఎక్కించారు. ఎక్కిస్తున్నంతసేపూ ప్రశ్నలే: చెవుల్లో హోరుగా ఉందా, పెదవులు తిమ్మిరెక్కాయా, తల తిరుగుతోందా, నోట్లో ఇనుము రుచి తగులుతోందా? ఈ మందు రక్తంలో ఎక్కువైతే ముందుగా కనిపించే గుర్తులు అవే, ముదిరితే ఫిట్స్ దాకా పోతుంది. మా అమ్మ అంత నొప్పిలోనూ, ‘మీ ఉప్మాకే ఏ రుచీ లేదు నాయనా, ఇనుము రుచి ఎక్కడి నుంచి వస్తుంది?’ అంది. ఆయన నవ్వి, మందు ఎక్కించడం పూర్తి చేసి, అరగంట అక్కడే స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఆ కూర్చున్నందుకే నాకు ఆయనంటే గౌరవం. చూస్తుండగానే అమ్మ చేయి కడ్డీని వదిలేసింది.

ఆ తర్వాత కూడా మోకాలి వెనక లాగుతోందని అంటూనే ఉంది. అది పంపు లోపం కాదు. తొడ మధ్యలో పెట్టిన గొట్టం మోకాలి ముందు భాగానికే బాగా పనిచేస్తుంది, వెనక భాగానికి వేరే నరాల నుంచి స్పర్శ వస్తుంది. అందుకే పంపు ఉన్నా పారాసెటమాల్ వేళకు పడాలి, ఐసు పెట్టాలి. మరి గజ్జల దగ్గర నరానికే పెడితే సరిపోతుంది కదా అని మీరు అడగవచ్చు. అక్కడ పెడితే తొడ కండ పట్టు తప్పి, లేచినప్పుడు పడిపోయే ప్రమాదం ఎక్కువ. ఎక్కడ పెట్టినా సరే, మీ నాన్నగారిని తోడు లేకుండా బాత్రూముకు లేవనివ్వకండి. మొహమాటస్తులైన మగవాళ్లే ఎక్కువ పడతారని నా గట్టి అభిప్రాయం.

మీకు వాట్సాప్‌లో ఒక హెచ్చరిక కూడా వచ్చే ఉంటుంది, పంపు మందు కీలు గుజ్జును తినేస్తుందని. అది పూర్తి అబద్ధం కాదు. 2009లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించిన మాట నిజమే. అది గొట్టాన్ని నేరుగా కీలు లోపల పెట్టి, రోజుల తరబడి మందు పోసినవాళ్ల గురించి. ఎక్కువ కేసులు భుజాలవి. నరం పక్కన పెట్టే పంపు వేరు. పైగా మోకాలి మార్పిడిలో అరిగిన గుజ్జును ఎలాగూ కోసి తీసేస్తారు. ఫార్వర్డ్ చేసేవాళ్లకు ఇవన్నీ ఎందుకు? భయపెట్టడమే వాళ్ల సేవ.

ఇన్సూరెన్సు వాళ్లు మాత్రం పంపును వాడి పారేసే వస్తువుల లెక్కలో వేసి, దాని డబ్బు ఇవ్వలేదు. కట్టు బట్టకూ దీనికీ తేడా తెలియని వాళ్లతో వాదించి నా గొంతు పోయింది. మీది ఎలాంటి పాలసీయో ముందే కనుక్కోండి.

మత్తు డాక్టరును రెండు విషయాలు అడగండి. రాత్రిపూట నొప్పి వస్తే ఎవరికి ఫోను చేయాలి? బుడగ ఖాళీ కావడానికి ఎంత ముందు మాత్రలు మొదలుపెట్టాలి? రెండోదాన్ని ఎవరూ తమంతట తాము చెప్పరు. తిమ్మిరి పూర్తిగా వదిలాక మాత్ర వేస్తే, అది పనిచేసేలోపు నొప్పి ఒక్కసారిగా ముంచుకొస్తుంది. గొట్టం తీసినప్పుడు కొస తెగకుండా పూర్తిగా వచ్చిందో లేదో వాళ్లు చూస్తారు, మీరూ చూడండి. ఇక మీదీ తిరుపతే అయితే, బ్రహ్మోత్సవాల రోజుల్లో మాత్రం ఆపరేషన్ తేదీ తీసుకోకండి. ఊళ్లోకి వచ్చే బంధువులందరికీ మీ వార్డు నంబరు తెలిసిపోతుంది.