గాలి గట్టిగా ఉన్న రాత్రి బంగారుతీగ కోసం డిండికి వెళ్లొచ్చా?

జూన్ చివర్లో ముగ్గురు కలిసి డిండి రిజర్వాయర్ దగ్గర రాత్రంతా ఉండి బంగారుతీగకు (కామన్ కార్ప్ చేపకు) గాలం వేద్దామనుకుంటున్నామని, గాలి తగ్గేదాకా ఆగాలా అని అడిగారు. నన్నడిగితే ఆగొద్దు. గాలి లేని మూల మాత్రం వెతుక్కోకండి.

మాది దేవరకొండ వైపు. మా బావా నేనూ డిండి దగ్గర, సాగర్ వెనుక నీళ్ల దగ్గర చాలా రాత్రులు గడిపాం. ఆయనకు ముందు టెంటు నిలబడాలి, ఆ తర్వాతే చేప. ఎప్పుడూ గుట్ట చాటున గాలి తగలని చోటే చూపిస్తాడు. "బావా, పండుకోనీకి వచ్చినమా, చేపలకు వచ్చినమా?" అని నేను గొడవ పెట్టుకుని గాలి ఎదురుగా కొట్టే ఒడ్డుకు లాక్కుపోతాను. నిద్ర పట్టదు, నిజమే. కానీ బంగారుతీగ పడేది అక్కడే.

ఎందుకంటే మిరుగు (మృగశిర కార్తె) దాటాక మన దగ్గర గాలి ఎక్కువగా పడమటి నుంచే వస్తుంది. పైనీళ్లను తోసుకుంటూ పోయి ఎదుటి ఒడ్డున అలలు కొడుతుంది. ఆ అలలకు అడుగున మట్టి కదిలి, అందులోని పురుగూ పుట్రా బయటపడతాయి. నీళ్లలో గాలి కలుస్తుంది కాబట్టి ఎండకు డస్సిన చేప కూడా చురుగ్గా తిరుగుతుంది. బొచ్చె పైనీళ్లలో, రవ్వ నడిమి నీళ్లలో మేస్తాయి. బంగారుతీగ, మృగాల మాత్రం అడుగు మట్టిని మూతితో కెలుక్కుని తినే రకాలు. నురుగు, చెత్త వచ్చి చేరిన ఒడ్డు, నీళ్లు మట్టిరంగుకు తిరిగిన పట్టీ కనబడితే అక్కడే కూర్చోండి. రాత్రికి గాలి పడిపోయినా వెంటనే చోటు మార్చొద్దు, చేప చాలాసేపు అక్కడక్కడే తిరుగుతుంది.

చలికాలంలో లెక్క వేరు. సంక్రాంతి ముందు వచ్చే చల్లగాలి పైనీళ్లను ఇంకా చల్లబరిచి ఒడ్డుకు తోస్తుంది, చేప మేత తగ్గిస్తుంది. అప్పుడు బావ చెప్పిన గుట్ట చాటే మేలు.

ఎదురుగాలిలో దూరం విసరలేమని భయపడతారు గానీ, విసరాల్సిన పనే లేదు. ఆ మట్టినీళ్ల పట్టీ మీ కాళ్ల ముందే ఉంటుంది. దాని అంచు దాటితే చాలు. అసలు తలనొప్పి లైన్‌తో. గాలికి లైన్ విల్లులా వంగి గుండును మెల్లగా ఈడ్చేస్తుంది, ఎర ఎక్కడుందో మనకే తెలియదు. మామూలుగా వేసే దానికంటే బరువైన సీసం గుండు కట్టండి. విసిరాక రాడ్ కొన నీళ్లలో ముంచి రెండు మూడు చుట్లు గట్టిగా తిప్పితే లైన్ నీటి అడుగుకు దిగుతుంది. స్టాండు కూడా కొన నీళ్లకు దగ్గరగా ఉండేలా పాతాలి. ఆకాశం వైపు లేపి పెట్టి గంట కడితే తెల్లవార్లూ గంట మోగుతూనే ఉంటుంది, చేప మాత్రం ఉండదు. మేం గంట తీసేసి, రీలుకూ మొదటి రింగుకూ మధ్య లైన్‌కు చిన్న మట్టి ముద్ద వేలాడదీస్తాం. గాలికి అది ఊగుతుంది, అంతే. చేప లాగితే పైకి లేస్తుంది, వెనక్కి వస్తే కిందికి జారుతుంది. టార్చి దాని మీదే పెట్టుకుంటే చాలు. రీల్ డ్రాగ్ (లైన్‌ను పట్టి ఉంచే బిగింపు) కొంచెం వదులుగా ఉంచి, రాడ్ వెనక భాగాన్ని తాడుతో మేకుకు కట్టేయండి. పెద్ద బంగారుతీగ ఒక్క ఊపుతో రాడ్‌ను నీళ్లలోకి లాక్కుపోగలదు.

ఎర విషయంలో నాది ఒకటే మాట: మక్కలు, అంటే మొక్కజొన్న గింజలు. ఒక రోజంతా నానబెట్టి, గోటికి దిగేలా ఉడికించి గాలానికి గుచ్చితే అలలకు ఊడవు, చిన్న చేపలు కొరికినా చెదరవు. మెత్తటి పిండి ముద్ద ఆ అలల్లో ఎంతోసేపు ఆగదు. పల్లి చెక్క పొడిలో తవుడు కలిపి, గట్టి ఉండలు చేసి చీకటి పడకముందే నీళ్లలో వేయండి. తర్వాత అప్పుడప్పుడూ ఒకటి రెండు చాలు. చేపల పొట్టలు మీరే నింపితే గాలం ఎవరు మింగుతారు?

పొయ్యి మీద ఆశ పెట్టుకోకండి, ఆ గాలికి అంటుకోదు. జొన్నరొట్టెలు, తొక్కు ఇంటి నుంచే కట్టుకుపోండి.

బయల్దేరే ముందు అక్కడి మత్స్య సహకార సంఘం వాళ్లను కలవండి. నీళ్లలో చేపపిల్లల్ని వదిలి పెంచుకునేది వాళ్లు, అడగకుండా గాలం వేస్తే గొడవ అవుతుంది, అవ్వాలి కూడా. పైగా వానాకాలం మొదట్లో రవ్వ, బొచ్చె గుడ్ల మీద ఉంటాయి, రిజర్వాయర్లలో కొన్నాళ్లు వేట ఆపేస్తారు. మీరు అనుకున్న తేదీల్లో ఆ నిషేధం ఉందేమో మత్స్యశాఖ ఆఫీసులో కనుక్కోండి, ఉంటే మానుకోవాల్సిందే. రాత్రి వలలు ఎటువైపు కట్టారో కూడా సంఘం వాళ్లే చెబుతారు. చీకట్లో వలలకు కట్టిన థర్మాకోల్ బెండ్లు కనబడవు, మీ లైన్ పోతుంది, వాళ్ల వల చిరుగుతుంది.

ఇక గాలి ఎంత ఉన్నా ఫర్వాలేదు గానీ, మెరుపు కనబడి ఉరుము వినబడిందంటే మాత్రం రాడ్లు అక్కడే కింద పడుకోబెట్టి కారులోకి వెళ్లిపోండి. కార్బన్ రాడ్‌కు కరెంటు పాకుతుంది. తాటిచెట్టు కిందికి అసలే వెళ్లొద్దు, మన జిల్లాలో పిడుగు పడ్డ తాటిచెట్లు మీరూ చూసే ఉంటారు. ఉరుములు ఆగాక కనీసం అరగంట కారులోనే కూర్చోండి, చేప పడ్డట్టు అనిపించినా సరే.