రెండు గుక్కల నీళ్లతో యాంటీబయాటిక్ మింగొద్దు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ యాంటీబయాటిక్‌ల గురించే. చీటీలో మందు పేరు, ఎన్ని పూటలో ఉంటాయి. దేనితో మింగాలి, దేనికి ఎడంగా మింగాలి అన్నది చాలాసార్లు ఉండదు. ఇబ్బంది అక్కడే వస్తోంది.

ప్రశ్న: నాట్లకు పోయొచ్చాక జ్వరం పట్టుకుంది. ఎలుక జ్వరమేమోనని డాక్టరుగారు డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, 7 రోజులకు రాశారు. రాత్రి మాత్ర పడుకోబోయే ముందు రెండు గుక్కల నీళ్లతో వేసుకుంటున్నా. ఇప్పుడు ముద్ద మింగితే రొమ్ము మధ్యలో కోసినట్టుంటోంది. మందు నాకు పడలేదా? ఆపేయాలా?
– ఒక పాఠకురాలు, ఇందుకూరుపేట

జవాబు: మీరు చెప్పేదాన్ని బట్టి మందు పడకపోవడం కాదమ్మా, అది కడుపుదాకా దిగకపోవడం. డాక్సీసైక్లిన్ తడిసి కరిగితే ఆమ్లంలా మారుతుంది. నీళ్లు చాలక అన్నవాహికకు అతుక్కుంటే, అక్కడే కరిగి లోపలి పొరను కాల్చి పుండు చేస్తుంది. పడుకున్నాక గుటకలు వేయడం, లాలాజలం ఊరడం రెండూ తగ్గుతాయి కాబట్టి ఇరుక్కున్న మాత్ర ఇరుక్కున్నచోటే ఉంటుంది. జిలాటిన్ క్యాప్సూల్ అయితే ఇంకా తేలిగ్గా అతుక్కుంటుంది.

ఈరోజే మీ డాక్టరుకు ఈ నొప్పి సంగతి చెప్పండి. పుండు మానడానికి మందు ఇస్తారు, అవసరమైతే యాంటీబయాటిక్ మారుస్తారు. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. ఎలుక జ్వరమే అయితే మధ్యలో వదిలేయడం కిడ్నీలకు, కాలేయానికి ప్రమాదం. నీళ్లు కూడా దిగకపోయినా, వాంతిలో రక్తం కనిపించినా, విరేచనం తారులా నల్లగా అయినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

డాక్టరు ఇదే మందు కొనసాగించమంటే వేసుకునే తీరు మార్చండి. రాత్రి మాత్రను పడక దగ్గర నుంచి అన్నం దగ్గరకు తెచ్చుకోండి. నాలుగు ముద్దలు తిని, నిటారుగా కూర్చుని, నిండు గ్లాసు నీళ్లతో, అంటే 200 మి.లీ.కు తగ్గకుండా మింగి, మిగతా అన్నం తినండి. ఆ తర్వాత గంటసేపు నడుం వాల్చొద్దు. ఐరన్ మాత్ర, క్యాల్షియం మాత్ర, గ్యాస్‌కు తాగే తెల్ల సిరప్ దీనితో కలిపి వేసుకోకూడదు. వాటిలోని లోహాలు మందును పట్టుకుని ఒంటికి పట్టనివ్వవు. కనీసం రెండు మూడు గంటల ఎడం ఉంచండి. గ్లాసుడు పాలతో కూడా మింగొద్దు.

ఇంకొకటి, కయ్యల్లో పనిచేసేవాళ్లకు ఇది ముఖ్యం. ఈ మందు వాడుతున్నప్పుడు ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది. నిండు చేతుల చొక్కా, తలకు తువ్వాలు తప్పనిసరి. గర్భం ఉందేమోనన్న అనుమానం ఉంటే అదీ డాక్టరుకు ముందే చెప్పాలి.

ప్రశ్న: మా మూడేళ్ల పాపకు అమాక్సిసిలిన్-క్లావులనేట్ పొడి సీసా ఇచ్చారు. నీళ్లు ఎట్టా కలపాలి? ఫ్రిజ్‌లో ఎన్నాళ్లు ఉంచొచ్చు?
– ఒక తల్లి, కావలి

జవాబు: ముందు సీసాను అరచేతికి తట్టి, అడుగున గట్టిపడిన పొడిని విడదీయండి. కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్లు గీతకు కాస్త కిందివరకు పోసి బాగా కుదపండి. నురగ అణిగాక చూస్తే మట్టం దిగి ఉంటుంది. అప్పుడు సరిగ్గా గీతదాకా నింపి మళ్లీ కుదపండి. నురగను చూసి గీత వచ్చిందనుకుంటే నీళ్లు తక్కువై మందు చిక్కబడుతుంది, పాపకు డోసు ఎక్కువ పడుతుంది. కలిపిన తేదీ సీసా మీద రాయండి. ఫ్రిజ్‌లో పెట్టండి, గడ్డకట్టే అరలో వద్దు. 7 రోజులు దాటితే మిగిలింది పారబోయాల్సిందే. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే కలపకముందే డాక్టరును అడగండి, నీళ్లలో కరిగే మాత్రలు రాయగలరు.

ప్రతిసారీ కుదిపి, మూతతోనో సూది లేని సిరంజితోనో కొలవండి. వంటింటి స్పూన్లు ఒక్కోటి ఒక్కో కొలత. అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది సీసా బలం దగ్గర. ఈ మందు 5 మి.లీ.లో 228.5 మి.గ్రా. ఉండేదీ దొరుకుతుంది, 457 మి.గ్రా. ఉండేదీ దొరుకుతుంది. షాపులో వేరే బలం ఇస్తే చీటీలోని మి.లీ. లెక్క మారిపోతుంది. డబ్బా మీది అంకెను చీటీతో పోల్చాకే మూత తీయండి.

అన్నం మొదట్లో పట్టిస్తే కడుపులో తిప్పడం తగ్గుతుంది. రెండు మూడుసార్లు పలచగా విరేచనమైతే ఓఆర్‌ఎస్ పడుతూ డాక్టరుకు చెప్పండి. రక్తం పడినా, పాప మగతగా ఉన్నా వెంటనే చూపించాలి. ఒళ్లంతా దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వస్తే ఇంకో డోసు వేయకుండా 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: అమాక్సిసిలిన్ 500 రోజుకు మూడుసార్లు రాశారు. మధ్యాహ్నం పనిలో పడి మర్చిపోతున్నా. రాత్రి రెండూ కలిపి వేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: వద్దు. రక్తంలో మందు మట్టం పడిపోకుండా ఉండాలనే మూడుసార్లు అన్నారు, అంటే సుమారు 8 గంటలకోటి. అన్నం వేళల ప్రకారం వేసుకుంటే రాత్రి ఎడం మరీ ఎక్కువవుతుంది. ఈ మందుకు అన్నంతో పట్టింపు లేదు కాబట్టి ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10 పెట్టుకుని ఫోన్‌లో అలారం పెట్టండి. మధ్యాహ్నం రెండింటి మాత్ర నాలుగింటికి గుర్తొస్తే అప్పుడే వేసుకోండి. రాత్రి తొమ్మిదింటికి గుర్తొస్తే దాన్ని వదిలేసి పదింటికి ఒక్కటే వేసుకోండి.

ప్రశ్న: నా కోర్సులో ఆరు మాత్రలు మిగిలాయి. మా తమ్ముడికీ నాకొచ్చినట్టే జ్వరం. ఇవ్వచ్చా?
– ఒక పాఠకుడు, కనిగిరి

జవాబు: ఇవ్వొద్దు. స్ట్రిప్పు మీద నిలువుగా ఎర్ర గీత ఉందేమో చూడండి. అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందుకు గుర్తు. మీ తమ్ముడిది డెంగీయో మామూలు వైరల్ జ్వరమో అయితే యాంటీబయాటిక్ ఏమీ చేయదు, అసలు జబ్బు తేలడం ఆలస్యమవుతుంది. మీ దగ్గర ఆరు ఎందుకు మిగిలాయో కూడా మీ డాక్టరుకు చెప్పాలి. తగ్గిందని మీరే ఆపేసి ఉంటే జబ్బు తిరగబెట్టవచ్చు.

ప్రశ్న: గుండె వాల్వు మార్చారు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నా. మూత్రంలో మంటకు వేరే డాక్టరు సిప్రోఫ్లాక్ససిన్ రాశారు. ఫర్వాలేదా?
– ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: ఆ డాక్టరుకు వార్ఫరిన్ సంగతి తెలుసా? తెలియకపోతే మొదటి మాత్రకు ముందే చెప్పండి. సిప్రోఫ్లాక్ససిన్, మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్ అనే ఈ మూడు యాంటీబయాటిక్‌లూ వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచి రక్తస్రావం తేవచ్చు. ఇదే వాడక తప్పదంటే మొదలుపెట్టిన మూడు నుంచి అయిదు రోజుల్లోపు ఐఎన్‌ఆర్ పరీక్ష (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసేది) చేయించి, వార్ఫరిన్ డోసు గుండె డాక్టరు చెప్పినట్టు మార్చుకోండి. కోర్సు అయిపోయాక మళ్లీ ఒకసారి చేయించండి, అప్పటికి డోసు తిరిగి మార్చాల్సి రావచ్చు.