కీరా పిందెలు రాలుతున్నాయా? ముందు ఆ వల విప్పండి

సందేహం: మాది బెంగళూరు, మారతహళ్లి. మేడ మీద గ్రో బ్యాగుల్లో ఆరు కీరా తీగలు పెంచుతున్నాను. పురుగులు రాకుండా చుట్టూ సన్నని వల కట్టాను. తీగలు బాగా పాకాయి, పూలూ విరగబూస్తున్నాయి. కానీ పిందెలు చిటికెన వేలంత కాగానే పసుపు రంగుకు మారి రాలిపోతున్నాయి. వారానికోసారి 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే ఎరువు) ఇస్తూ, పొద్దున్నే వేపనూనె కొడుతున్నాను. నిలిచిన ఒకటి రెండు కాయలు కూడా చేదుగా ఉన్నాయి. ఇంకేం ఎరువు వేయాలి?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, ఎరువు ఇంకా పెంచాల్సిన పని లేదు. మీ తీగలకు తిండి బాగానే అందుతోంది. తేనెటీగలే అందడం లేదు.

కీరాలో మగ పూలు, ఆడ పూలు వేరువేరుగా పూస్తాయి. ముందు మగ పూలే వస్తాయి, అవి రాలినా టెన్షన్ పడక్కర్లేదు. ఆడ పువ్వుకు వెనకాలే చిన్న పిందె ఉంటుంది. పుప్పొడి అందకపోతే ఆ పిందె పసుపు రంగుకు మారి రాలిపోతుంది, సగం సగం అందితే వంకరగా, ఒక కొసన సన్నగా ఎదుగుతుంది. పురుగుల కోసం మీరు కట్టిన వల తేనెటీగలనూ ఆపేసింది. పూత మొదలయ్యాక వల తీసేయండి. వేపనూనె సాయంత్రం పూట కొట్టండి. పొద్దున పూలు విచ్చుకునే వేళ ఏ మందూ వద్దు.

వల తీసినా తేనెటీగలు రాకపోతే ఆ పని మీరే చేయవచ్చు. ఉదయం తొమ్మిదిలోపు, ఆ రోజే విచ్చుకున్న మగ పువ్వును తెంపి రేకులు తీసేయండి. మధ్యలోని పుప్పొడిని ఆడ పువ్వు నడుమ ఉండే కీలాగ్రానికి (పుప్పొడిని అందుకునే కొనకు) మెల్లగా అద్దండి. ఒక ఆడ పువ్వుకు రెండు మూడు మగ పూలు వాడితే కాయ నిండుగా వస్తుంది. ఆడ పువ్వు సాధారణంగా ఆ ఒక్క పూటే పనికొస్తుంది, కాబట్టి రేపు చూద్దాంలే అనుకోవద్దు. అయితే విత్తనాల ప్యాకెట్ ఒకసారి చూడండి. పాలీహౌస్ (ప్లాస్టిక్ షీటు కప్పిన పందిరి) సాగు కోసం అమ్మే కొన్ని హైబ్రిడ్లు పుప్పొడి లేకుండానే కాస్తాయి, వాటికి ఇదంతా అక్కర్లేదు.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో కొండ తేనెటీగలు పట్టు పెడితే చాలు, మందు కొట్టించి చంపించేస్తున్నారు. నాకు చాలా బాధ కలిగించే విషయమిది. మీ భవనంలో ఆ మాట వస్తే, చంపకుండా పట్టును తరలించేవాళ్లను పిలిపించమని దయచేసి చెప్పండి.

రాలిన పిందెను ఒకదాన్ని కోసి చూడండి. లోపల తెల్లటి పురుగులుంటే అది పండు ఈగ పని. అలాంటి కాయలన్నీ ఏరి కవరులో కట్టి పారేయండి, మట్టిలో వదలొద్దు. నిలిచిన పిందెలకు కాగితం సంచి తొడగండి. పండు ఈగల కోసం పెట్టే క్యూ లూర్ అనే వాసన ఎర మగ ఈగలనే పట్టుకుంటుంది, అదొక్కటే నమ్ముకుంటే సరిపోదు.

19-19-19 ఆపేయండి. నత్రజని ఎక్కువైతే ఆకు ఏపుగా పెరుగుతుంది, కాపు వెనకబడుతుంది. ఇప్పుడు పొటాష్ ఎక్కువుండే 13-0-45 (పొటాషియం నైట్రేట్) ఎరువును లీటరు నీటికి 2, 3 గ్రాములు కలిపి పది రోజులకోసారి పోస్తే చాలు.

చేదుకు కారణం కుకుర్బిటాసిన్ అనే పదార్థం. వేడి, నీటి ఎద్దడి ఎక్కువైనప్పుడు ఇది పెరుగుతుంది. తొడిమ వైపు, తొక్క కిందే ఎక్కువ. ఒక రోజు ఎండగట్టి మర్నాడు ముంచెత్తడం కీరాకు అస్సలు పడదు. ఎండాకాలంలో రెండు పూటలా కొంచెం కొంచెం పోయండి, మట్టి మీద ఎండుటాకులు పరచండి, కాంక్రీటు వేడి తగలకుండా బ్యాగులను ఇటుకల మీద పెట్టండి. కొస కోసి నురగ వచ్చేలా రుద్దడం కన్నా, తొడిమ వైపు అంగుళం ముక్క తీసేసి తొక్క మందంగా చెక్కడం మేలు. అప్పటికీ బాగా చేదుగా ఉంటే పారేయండి. తింటే వాంతులు, విరేచనాలు కావచ్చు, పిల్లలకు అస్సలు పెట్టొద్దు.

వచ్చేసారి విత్తేటప్పుడు అర్క శీతల్ రకం చూడండి. మీ ఊరి పక్కనే హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తీసిన, చేదు లేని రకమది.