హెచ్ఐవీ ఉంటే లివర్‌కు వైద్యం ఉండదా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా తమ్ముడికి 38 ఏళ్లు. ఆరేళ్లుగా హెచ్ఐవీ మందులు వాడుతున్నాడు, వైరస్ అదుపులోనే ఉంది. నెల కిందట కామెర్లు వచ్చాయి, లివర్ ఫెయిల్యూర్ దాకా వెళ్లొచ్చని భయపెట్టారు. ఆ మందుల వల్లే ఇదంతా అని ఇంట్లో అందరూ అంటుంటే వాడు పది రోజుల కిందట అవి మానేశాడు. హెచ్ఐవీ లేనివాళ్లకైతే లివర్ మార్పిడి చేస్తారట, వీళ్లకు చేయరట. నిజమేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మిగతావన్నీ తర్వాత, ముందు ఆ మానేసిన మందుల సంగతి చూడాలి. ఈ రోజే తమ్ముణ్ణి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, మానేసి పది రోజులైందని దాచకుండా చెప్పండి, మళ్లీ మొదలుపెట్టడం కూడా ఆయన చెప్పాకే. ఎందుకు ఇంత గట్టిగా అంటున్నానంటే, హెచ్ఐవీకి ఇచ్చే టెనోఫోవిర్, లామివుడిన్ హెపటైటిస్ బి వైరస్‌ను కూడా అణచిపెట్టి ఉంచుతాయి. రెండూ ఒకే దారుల్లో సోకే వైరస్‌లు కాబట్టి కొందరికి రెండూ కలిసి ఉంటాయి, అలాంటివాళ్లు ఉన్నట్టుండి మందు ఆపేస్తే హెపటైటిస్ బి ఒక్కసారిగా విజృంభిస్తుంది. అంతకుముందు ఓ మోస్తరుగా ఉన్న లివర్ కూడా దాంతో చేతులెత్తేయొచ్చు. హెపటైటిస్ బి, సి పరీక్షలు ఇంతవరకు చేయకపోతే అడిగి చేయించండి.

లివర్ దెబ్బతినడానికి హెచ్ఐవీ ఒక్కటే కారణం కావడం అరుదు. హెపటైటిస్ వైరస్‌లు, మద్యం, కొవ్వు పట్టిన లివర్, టీబీకి వాడే ఐసోనియాజిడ్, పైరజినమైడ్ లాంటి మందులు, ఇవి హెచ్ఐవీ ఉన్నవాళ్లకైనా లేనివాళ్లకైనా ఒకటే. తేడా ఎక్కడంటే, హెచ్ఐవీ తోడైతే హెపటైటిస్ బి, సి వల్ల లివర్ గట్టిపడటం త్వరగా జరుగుతుంది, పైగా ఒకేసారి చాలా రకాల మాత్రలు వేసుకోవాల్సి వస్తుంది. హెచ్ఐవీ మందుల్లో లివర్‌ను తీవ్రంగా దెబ్బతీసేదిగా పేరుపడ్డ నెవిరపిన్ ఆ పని ఎక్కువగా మొదటి 18 వారాల్లోనే చేస్తుంది, ఆరేళ్లు బాగా పడిన మందు ఇప్పుడు కొత్తగా ఎదురుతిరగడం తక్కువ. అందుకే గత రెండు మూడు నెలల్లో కొత్తగా ఏం మొదలుపెట్టాడో, నాటు మందులతో సహా, రాసుకుని వెళ్లండి. ఇంకో మాట, అటాజనవిర్ అనే హెచ్ఐవీ మందు వాడేవాళ్లలో కొందరికి లివర్ బాగానే ఉన్నా కళ్లు పచ్చబడతాయి. అది ప్రమాదం కాదు, కానీ అదేనని తేల్చాల్సింది పరీక్షలే.

కామెర్లు వేరు, ఫెయిల్యూర్ వేరు. పగలంతా మగతగా ఉండి రాత్రి నిద్రపోకపోవడం, మాట తడబడటం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం, చేతులు చాచితే అవి రెక్కల్లా కొట్టుకోవడం, చిగుళ్ల నుంచి రక్తం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. రిపోర్టులో బిలిరుబిన్ (కామెర్ల పచ్చదనం అంకె) కంటే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం చెప్పే అంకె) చూడండి, 1.5 దాటిందంటే లివర్ పని తగ్గినట్టు అనుమానించాలి.

ఇక మార్పిడి. ఒకప్పుడు నిజంగానే కాదనేవారు. 1996 తర్వాత మూడు మందులు కలిపి వాడే చికిత్స వచ్చి పరిస్థితి మారింది, వైరస్ అదుపులో ఉన్నవాళ్లకు ఇప్పుడు చేస్తున్నారు. 2016లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో హెచ్ఐవీ ఉన్న దాత లివర్‌నే హెచ్ఐవీ ఉన్న రోగికి అమర్చారు. హెపటైటిస్ సి కూడా ఉన్నవాళ్లకు ఫలితాలు అంత బాగుండేవి కావు, ఇప్పుడు దాన్ని చాలామందికి 12 వారాల మాత్రలతో నయం చేస్తున్నారు. కాకపోతే రిటోనవిర్ ఉన్న హెచ్ఐవీ మందులు వాడుతుంటే, కొత్త లివర్‌ను ఒళ్లు తిప్పికొట్టకుండా మార్పిడి తర్వాత ఇచ్చే టాక్రోలిమస్ మోతాదు బాగా తగ్గించాలి, కాబట్టి హెచ్ఐవీ డాక్టరూ, మార్పిడి డాక్టరూ మాట్లాడుకోవాలి.

ప్రశ్న: నాకు హెచ్ఐవీ లేదు. జ్వరం తగ్గలేదని నిన్న 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్రలు 14 వేసుకున్నాను. ఇప్పుడు బాగానే ఉంది. ఫర్వాలేదా?

జవాబు: ఫర్వాలేదనుకోవద్దు బాబూ. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములే హద్దు, అంటే 8 మాత్రలు, మద్యం అలవాటుంటే ఇంకా తక్కువ. మొదటి రోజు ఏమీ తెలియదు, లివర్ దెబ్బ రెండో మూడో రోజుకు బయటపడుతుంది. విరుగుడుగా ఎన్-ఎసిటైల్ సిస్టీన్ ఇస్తారు, మాత్రలు వేసుకున్న 8 గంటల్లోపైతే బాగా పనిచేస్తుంది, ఆలస్యమైనా ఉపయోగమే. లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఇప్పుడే ఆసుపత్రికి బయల్దేరండి, ఎన్ని వేసుకున్నారో, ఏ టైంకి వేసుకున్నారో చెప్పండి.