ఒకే పేరుతో కొన్న కాక్టస్ మొలకలు ఒక్కోటి ఒక్కోలా ఎందుకున్నాయి? తండ్రి మొక్క ఏదో చూసి చెప్పగలమా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఆన్‌లైన్‌లో ‘అస్టీరియాస్ × కాప్రికోర్నే’ (అంటే ఆ రెండు కాక్టస్‌ల క్రాస్) అని అమ్మిన 30 గింజలు వేస్తే 22 మొలిచాయి. రెండేళ్లయ్యేసరికి కొన్ని నున్నగా ఉన్నాయి, రెండింటికి పొడుగు ముళ్లు వచ్చాయి, కొన్నింటి ఒంటినిండా తెల్ల చుక్కలు, కొన్ని ఉత్త పచ్చగా ఉన్నాయి. అమ్మినవాళ్లు మోసం చేశారా? మొక్కను చూసి తల్లిదండ్రులను కనిపెట్టగలమా? డీఎన్‌ఏ పరీక్షతో తేలుతుందా?

మోసమని అప్పుడే అనుకోకండి. అలాగని చూసి తండ్రిని ఖాయం చేయడం కూడా కుదరదు. ‘ఇది అయ్యుండదు’ అని ఒక్కోసారి అనగలం గానీ, ‘ఇదే’ అని చెప్పలేం. హైదరాబాద్‌లో మా మేడ మీద ఈ రెండూ చేరే ఆస్ట్రోఫైటమ్ ప్రజాతి మొక్కలనే ఎక్కువగా పెంచుతాను. ఈ విషయంలో నేను కూడా ఒకసారి బాగా పొరపడ్డాను.

2019 వేసవిలో మా అస్టీరియాస్‌కు కాయ పట్టింది. ఆ మొక్క సాధారణంగా తన పుప్పొడితో తాను గింజ కట్టదు, వేరే మొక్క పుప్పొడి అందాలి. పక్క కుండీలో కాప్రికోర్నే అప్పుడే పూసి ఉంది, తేనెటీగలు రెండింటి మీదా తిరగడం కళ్లారా చూశాను. ఇంకేం, లేబుల్ మీద తండ్రి కాప్రికోర్నే అని రాసేశాను. కాయలో 61 గింజలున్నాయి. మొదటి వర్షాకాలంలో కుళ్లు తగిలి కొన్ని పోగా 38 మిగిలాయి.

అందులో 17వ నంబరు మొక్క మీద నాకు మొదటినుంచీ ప్రత్యేకమైన ఇష్టం. మూడో ఏడు దాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే, గట్ల మీద వరసగా ఉన్న నూగు బొడిపెల నుంచి గోధుమరంగు ముళ్లు వచ్చి ఉన్నాయి. గుచ్చుకునేవి కావు. ఎండిన గడ్డిపరకలా వంకర తిరిగి, వేలు తగిలితే వంగిపోయేవి. చర్మం మీద తెల్ల చుక్కలు బియ్యప్పిండి చిటికెడు చల్లినట్టు ఒకవైపే గుంపుగా పడ్డాయి. కాప్రికోర్నే ముళ్లు కూడా కాగితం చీలికల్లా మెలితిరిగి ఉంటాయి కాబట్టి నా లేబుల్ కరెక్టేనని సంబరపడ్డాను.

2023 ఏప్రిల్‌లో అది పూసింది. అస్టీరియాస్ పువ్వు పసుపు, లోపలి గొంతు ఎర్రగా ఉంటుంది. మా కాప్రికోర్నేకు కూడా గొంతు ముదురు ఎరుపే. రెండువైపులా ఎరుపున్నప్పుడు బిడ్డకు కూడా ఎరుపు రావాలి కదా. 17వ నంబరు పువ్వులో రేకుల అడుగున సన్నటి నారింజ జీర తప్ప మిగతాదంతా పసుపే. ఆస్ట్రోఫైటమ్‌లోనే ఇంకో రెండు జాతులైన మిరియోస్టిగ్మా, ఆర్నేటమ్ పూలకు గొంతులో ఎరుపు ఉండదు. ఆ రెండూ మా మేడ మీదే ఉన్నాయి, 2019లో పూసే ఉంటాయి. తేనెటీగ ఎక్కడెక్కడ వాలి వచ్చిందో ఎవరు చూశారు? ముళ్లను చూస్తే ఒక తండ్రి, గొంతును చూస్తే ఇంకో తండ్రి. అసలు నేను కొన్న తల్లి మొక్కే స్వచ్ఛమైన అస్టీరియాసో కాదో. ఆ రోజు 38 లేబుళ్లూ తీసి ‘అస్టీరియాస్ × ?’ అని మార్చేశాను. బాధేసింది గానీ అదే నిజం.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. తేనెటీగలు కలగలుపు పుప్పొడి తెస్తాయి కాబట్టి ఒకే కాయలోని గింజలన్నిటికీ తండ్రి ఒకటే కానక్కర్లేదు. ఏ కాయ కోశామో తెలుసు కాబట్టి తల్లి ఖాయం. తండ్రి మాత్రం పూత రోజున మనం కాపలా కాస్తేనే ఖాయం.

మాది గద్వాల వైపు. సీడ్ పత్తి (హైబ్రిడ్ విత్తనం కోసం వేసే పత్తి) చేలల్లో క్రాసింగ్ పని చూస్తూ పెరిగాను. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గలు విప్పి కేసరాలు గిల్లేస్తారు, మర్నాడు పొద్దున మగ మొక్కల పూలు తెచ్చి వాటికి రుద్దుతారు. ఆడ వరసలు వేరు, మగ వరసలు వేరు. అంత కష్టపడేది తండ్రి ఎవరో తేలడానికే. నా మేడ మీద ఆ జాగ్రత్త ఎందుకు తీసుకోలేదా అని సిగ్గేసింది. ఆ ఏడాది మిగతా పూతకు రెండు మొక్కల మొగ్గలకీ విప్పుకోకముందే దోమతెర గుడ్డ కట్టాను. మధ్యాహ్నం ఎండకు పూలు విచ్చుకోగానే చిన్న బ్రష్‌తో కాప్రికోర్నే పుప్పొడి తీసి అస్టీరియాస్ కీలాగ్రానికి అద్ది, మళ్లీ గుడ్డ కప్పి, పువ్వుకు దారం కట్టి తేదీ రాశాను.

మీకు పనికొచ్చే సంగతి ఇదే. ఆ కాయ నుంచి వచ్చిన 29 మొక్కల తల్లీ తండ్రీ ఎవరో నాకు అనుమానం లేకుండా తెలుసు. అయినా అవి ఒకేలా లేవు! కొన్నింటికి ఏడు గట్లు, ఎక్కువ వాటికి ఎనిమిది. ఐదింటికి ముళ్లు, మిగతావి దాదాపు నున్నన. చుక్కలు కూడా ఒక్కోదానికి ఒక్కో తీరు. కాబట్టి మీ 22 మొక్కల్లో తేడా ఉన్నంతమాత్రాన తండ్రులు వేరని కాదు.

ఇంత తేడా ఎందుకంటే, మార్కెట్లో దొరికే తల్లిదండ్రులే చాలావరకు స్వచ్ఛమైనవి కావు. మామిడి టెంక నాటితే బంగినపల్లి రాదని, అంటు కట్టాలని మనకు తెలిసిందే. హైబ్రిడ్ మొక్కజొన్న పంట నుంచి గింజ దాచుకుని మళ్లీ వేస్తే చేను ఎగుడుదిగుడుగా వస్తుందని రైతుకు తెలుసు. కాక్టస్‌లోనూ అంతే. రెండు నిఖార్సయిన జాతులను కలిపితే మొదటి తరం కొంత ఒకే పోలికతో వస్తుంది. ఆ పిల్లలను మళ్లీ కలిపితే తాతల పోలికలన్నీ విడివిడిగా బయటపడతాయి. అస్టీరియాస్‌లో జపాన్‌వాళ్లు ఎంచి పెంచిన ‘సూపర్ కబుతో’ రకానికి పెద్ద పెద్ద తెల్ల చుక్కలుంటాయి. మీ గింజల వెనుక ఎక్కడో అది ఉంటే ఆ చుక్కలు ఒక మొక్కకు వచ్చి పక్కదానికి రాకపోవచ్చు.

పెంచే తీరు కూడా రూపాన్ని మారుస్తుంది. పెరెస్కియోప్సిస్ (అంటుకు వాడే, వేగంగా పెరిగే కాక్టస్) మీద అంటు కట్టిన మొలక తొందరగా ఉబ్బి పూస్తుంది, సొంత వేరు మీదున్న తోబుట్టువుతో దాన్ని పోల్చకూడదు. నీడలో సాగిన మొక్కను చూసి గట్లు లెక్కపెట్టి తీర్పు చెప్పకూడదు. చిన్నప్పటి ముళ్లు కూడా నమ్మకమైన గుర్తు కాదు, కొన్నిటికి పెద్దయ్యాక రాలిపోతాయి.

డీఎన్‌ఏ పరీక్ష సంగతి కూడా అడిగారు. మనుషుల్లో లాగే, అనుమానం ఉన్న తండ్రి మొక్క ముక్క చేతిలో ఉంటే పోల్చి చూడొచ్చు. మీ దగ్గర తల్లి లేదు, తండ్రి లేదు. ఇంటి పెంపకందారు దానికి డబ్బు పోయడం దండగని నా అభిప్రాయం. దానికన్నా అమ్మినవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: చేత్తో క్రాస్ చేశారా, తేనెటీగలకు వదిలేశారా? మామూలుగా లేబుల్‌లో ముందు రాసేది తల్లి, తర్వాత రాసేది తండ్రి. తేనెటీగలకు వదిలేశామంటే రెండో పేరు కేవలం ఊహ.

మొక్కలకు నంబర్లు వేయండి. ప్రతి ఏడాది ఒకే నెలలో, ఒకే వెలుగులో ఫోటో తీసి పెట్టుకోండి. లేబుల్‌తో పోలిక కుదరలేదని దేన్నీ పారేయకండి. పొడుగు ముళ్లున్న ఆ రెండు మొక్కలు పూసినప్పుడు పువ్వు గొంతు కనబడేలా దగ్గర నుంచి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, నా 17వ నంబరు పువ్వుతో పక్కపక్కన పెట్టి చూద్దాం.