కశాభం ఒకదానికే ఎందుకు?

ప్రశ్న: బ్యాక్టీరియా రెండు సమానమైన పిల్ల కణాలుగా విడిపోతుందని మా పుస్తకంలో ఉంది. రెండూ వేరుగా ఉండే రకాలూ ఉన్నాయని మా మేడమ్ అన్నారు. అలాగైతే వాటి డీఎన్ఏ కూడా వేరవుతుందా?
– బైపీసీ విద్యార్థిని, పాలకొండ

జవాబు: విజయనగరంలో నేను బోటనీ చెప్పినన్నాళ్ళూ ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు తల్లీ. మీ మేడమ్ చెప్పింది నిజం. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నట్టే రాయి, మార్కులతో గొడవెందుకు!

కాలోబ్యాక్టర్ అని ఒకటుంది. మేత అంతగా దొరకని మంచినీళ్ళలో బతుకుతుంది. దీనికి ఒక చివర సన్నటి కాడ, కాడ కొసన మహా గట్టి బంక. దాంతో రాయికో నాచుకో అతుక్కుంటుంది. చీలే ముందు రెండో చివర కశాభం, అంటే ఈదడానికి తోకలాంటి పోగు, మొలుస్తుంది. చీలాక కాడ ఉన్నది అక్కడే ఉండి వెంటనే మళ్ళీ డీఎన్ఏ నకలు మొదలుపెడుతుంది. కశాభం ఉన్నది ఈదుకుంటూ పోతుంది. కొంతసేపయ్యాక కశాభం వదిలేసి, అదే చివర కాడ పెంచుకుని, అప్పుడుగానీ విభజనకు దిగదు. ఒక కొడుకు ఊళ్ళో పొలం చూసుకుంటే రెండోవాడు చెన్నైకో హైదరాబాదుకో పనికి పోయినట్టు. మన జిల్లాల వాళ్ళకి ఇది విడమరిచి చెప్పాలా?

డీఎన్ఏ మాత్రం రెండిటిదీ ఒక్కటే. తేడా అంతా ప్రోటీన్లది. ఈదే పిల్లలో సీటీఆర్ఏ అనే ప్రోటీన్ నకలు మొదలయ్యే చోటునే పట్టుకుని పని సాగనివ్వదు. కాడ ఉన్నదాంట్లో అది విచ్ఛిన్నమైపోతుంది. చీలకముందే కాడ వైపు డివ్‌జే, కశాభం వైపు ప్లీసీ అనే వేరువేరు ప్రోటీన్లు చేరి ఉంటాయి. మధ్యలో గోడ పడిందంటే ఎవరి గది లెక్క వారిది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లూసీ షాపిరో అనే శాస్త్రవేత్త దశాబ్దాలుగా ఈ ఒక్క జీవి వెంటే పడ్డారు. ఇంత చిన్న కణంలోనూ ఏ ప్రోటీన్ ఎక్కడుందన్నది ముఖ్యమేనని తేల్చినవాళ్ళలో ఆవిడ ముందుంటారు.

బాసిల్లస్ సబ్టిలిస్ అనే ఇంకో బ్యాక్టీరియాది మరో తీరు. తిండి అయిపోతే గోడను ఒక చివరకు జరిపి కడుతుంది. అప్పటికి చిన్న గదిలో క్రోమోజోమ్ మూడోవంతే ఉంటుంది, మిగతాదాన్ని ఒక ప్రోటీన్ లోపలికి పంపు చేస్తుంది. చిన్నది సిద్ధబీజం, అంటే గడ్డుకాలాన్ని తట్టుకునే గట్టి కణం, అవుతుంది. పెద్దది దాని చుట్టూ పొరలు కట్టి, చివరికి పగిలి చస్తుంది.

ఈ బాసిల్లస్ రకాల్ని చూడాలనుంటే ఎండుగడ్డిని నీళ్ళలో మరిగించి, దూది బిరడా పెట్టి రెండు మూడు రోజులు ఉంచండి. పైన తెట్టు కడుతుంది. మరుగును తట్టుకున్న సిద్ధబీజాలు మొలిచి పెరిగినవే అందులో ఎక్కువ. స్లైడు మాత్రం మేడమ్ పక్కనుండగానే చేయి.